పిల్లల్లో షుగర్ ఎందుకొస్తోంది? రిజిస్ట్రీలు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు: తరచుగా అడిగే ప్రశ్నలు

రిజిస్ట్రీ, అంటే ఒక ప్రాంతంలో ఒక జబ్బు వచ్చినవాళ్లందరి నమోదు, ఆ డేటాతో కుస్తీ పట్టడం నా ఉద్యోగం. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ బంధువులు, స్నేహితుల స్నేహితులు, పబ్లిక్ హెల్త్ చదువుతున్న పిల్లలు, ఈ మధ్యే బిడ్డకి టైప్ 1 అని తెలిసి నిద్ర పట్టని తల్లిదండ్రులు, అందరూ తిప్పి తిప్పి అవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఇది వైద్య సలహా కాదు, డోసుల సంగతి మీ డాక్టర్నే అడగండి.

## మొదట వచ్చే అనుమానాలు

చిన్నపిల్లలకి షుగర్ ఏంటండీ? స్వీట్లు ఎక్కువ పెట్టడం వల్లేనా?

కాదు. మన ఇళ్లలో తాతయ్యకో మేనమామకో ఉండే షుగర్ టైప్ 2. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది టైప్ 1. ఇందులో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. బయటికి లక్షణాలు కనపడక ముందే, కొన్ని నెలల నుంచి కొన్ని ఏళ్ల పాటు ఈ దాడి చప్పుడు లేకుండా సాగుతుంది. ఈ దశలో రక్తంలో కొన్ని యాంటీబాడీలు దొరుకుతాయి. బిడ్డ మాటిమాటికీ నీళ్లు తాగడం, పక్క తడపడం, చిక్కిపోవడం కనిపించేసరికి చాలా కణాలు పోయే ఉంటాయి. లడ్డూలకీ దీనికీ సంబంధం లేదు. తల్లి పెంపకానికీ లేదు.

మా వైపు, వాళ్ల వైపు ఎవరికీ లేదు. మరి వంశపారంపర్యం ఎలా అవుతుంది?

టైప్ 1 వచ్చిన పిల్లల్లో దాదాపు పదిమందికి తొమ్మిదిమంది ఇళ్లలో తల్లికి, తండ్రికి, తోబుట్టువులకి అది ఉండదు. అలాగని జన్యువులకు పాత్ర లేదని కాదు. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్ఎల్ఏ అనే జన్యువుల్లో కొన్ని రకాలు ఉంటే ముప్పు బాగా పెరుగుతుంది, కానీ ఆ రకాలున్న పిల్లల్లో ఎక్కువమందికి జీవితాంతం ఏమీ రాదు. ఫిన్లాండ్‌లో కవలల జాబితాను, డయాబెటిస్ జాబితాను కలిపి చూశారు. ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి కూడా వచ్చింది సుమారు 27 శాతం జంటల్లోనే. మామూలు కవలల్లో అది 4 శాతం లోపు. 27కీ 4కీ మధ్య తేడా జన్యువుల బలం చూపిస్తుంది, 27కీ 100కీ మధ్య ఉన్న పెద్ద ఖాళీలో జన్యువులు కానిదేదో ఉంది. పరిశోధకులు 'పర్యావరణం' అనేది ఆ ఖాళీనే. ఆ మాటకి ఇక్కడ చెట్లు, పొగ అని మాత్రమే అర్థం కాదు. కడుపులో ఉన్నప్పటి నుంచి తగిలిన వైరస్‌లు, తిండి, మందులు, ఎండ, పేగుల్లోని సూక్ష్మజీవులు, కొంత అదృష్టం కూడా అందులోకే వస్తాయి.

రిజిస్ట్రీ అంటే ఆస్పత్రి రికార్డులేగా?

అక్కడే అందరూ పొరబడతారు. ఆస్పత్రి దగ్గర ఉండేది ఆ గుమ్మం తొక్కినవాళ్ల జాబితా. జనాభా రిజిస్ట్రీలో ఒక ప్రాంతంలో, ఒక వయసు లోపు, ఒక కాలంలో కొత్తగా జబ్బు వచ్చిన ప్రతి బిడ్డా ఉండాలి, దాంతో పాటు ఆ ప్రాంతంలో ఆ వయసు పిల్లలు మొత్తం ఎంతమందో కూడా తెలిసి ఉండాలి. హారం లేని భిన్నానికి విలువ ఏముంది? పెద్ద కార్పొరేట్ ఆస్పత్రిలో వెయ్యిమంది పిల్లల ఫైళ్లు ఉన్నా, వాళ్లు ఎంతమందిలోంచి వచ్చారో తెలియనప్పుడు జబ్బు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చెప్పలేం. జబ్బు రాని పిల్లలను కూడా లెక్కలో ఉంచడమే రిజిస్ట్రీ బలమని నా అభిప్రాయం.

## రిజిస్ట్రీ తయారయ్యేటప్పుడు

ఎప్పుడు చూసినా ఫిన్లాండ్, స్వీడన్ పేర్లేనా? వేరే దేశాలు లేవా?

ఉన్నాయి కానీ అక్కడ రెండు కలిసొచ్చాయి. ఒకటి, జబ్బు అక్కడ చాలా ఎక్కువ. ఫిన్లాండ్ ప్రపంచంలోనే మొదటి వరసలో ఉంది, ఇటలీలోని సార్డీనియా ద్వీపం దానికి దగ్గర్లో ఉంటుంది. రెండు, పుట్టిన ప్రతివాడికీ ఒక నంబరు. స్వీడన్ 1947లోనే మొదలుపెట్టింది, నార్వే 1964లో, డెన్మార్క్ 1968లో. ఆ నంబరు పట్టుకుంటే తల్లి గర్భంతో ఉన్నప్పటి వివరాలు, పుట్టినప్పటి బరువు, వేసిన టీకాలు, కొన్న మందులు, ఆస్పత్రి చేరికలు అన్నీ ఒకే మనిషి చుట్టూ దండలా గుచ్చుకోవచ్చు.

ఫిన్లాండ్ కథ మరీ బాగుంటుంది. అక్కడ ఇన్సులిన్ ఖర్చు ప్రభుత్వ సామాజిక బీమా సంస్థ భరిస్తుంది, దానికి డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇన్సులిన్ లేకుండా బతకలేరు కాబట్టి ప్రతి కుటుంబమూ దరఖాస్తు పెడుతుంది. అంటే పరిశోధన కోసం ఎవరూ ప్రత్యేకంగా తిరగకుండానే 1965 నుంచీ దేశమంతటి లెక్క తయారైపోయింది! స్వీడన్ మాత్రం పనిగట్టుకుని 1977 జూలై 1 నుంచి పిల్లల డయాబెటిస్ రిజిస్టర్ నడుపుతోంది. ఫిన్లాండ్‌లో పిల్లల కోసం విడిగా, రక్త నమూనాలతో సహా మరో రిజిస్టర్ 2002లో వచ్చింది.

ఒక్క బిడ్డని కూడా వదల్లేదని ఎలా చెప్పగలరు?

చెప్పలేరు, అందుకే ఎంతమంది తప్పిపోయి ఉంటారో అంచనా వేస్తారు. చెరువులో చేపల లెక్కకి వాడే పద్ధతే ఇది. కొన్ని చేపలు పట్టి గుర్తు వేసి వదిలేయాలి, మళ్లీ వల వేసినప్పుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూడాలి.

ఒక ఊహాజనిత జిల్లా తీసుకుందాం. పిల్లల డాక్టర్లు ఇచ్చిన జాబితాలో 80 మంది, ఇన్సులిన్ సరఫరా జాబితాలో 60 మంది, రెండింట్లోనూ ఉన్నవాళ్లు 48 మంది అనుకోండి. 80ని 60తో హెచ్చించి 48తో భాగిస్తే 100 వస్తుంది. మన రెండు జాబితాలూ కలిపితే పేర్లు 92. అంటే ఎనిమిదిమంది ఎవరి వలలోనూ పడలేదు, రిజిస్ట్రీ 92 శాతం నిండినట్టు.

దీనికో షరతు ఉంది. రెండు జాబితాలూ ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదు. డాక్టర్లు రాసిచ్చినవాళ్లకే ఇన్సులిన్ ఇచ్చే చోట రెండింట్లోనూ అవే పేర్లు పడతాయి, లెక్క అద్భుతంగా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి డాక్టరు దాకా రాని పిల్లలు ఎక్కడా కనపడరు. పేపర్లలో '98 శాతం పూర్తి' అని చూసినప్పుడు నేను ముందు వెతికేది ఆ రెండు జాబితాలూ ఎక్కడివా అనే.

ఒక్కో బిడ్డ గురించి ఏం రాసుకుంటారు?

కనీసం పుట్టిన తేదీ, ఆడో మగో, జబ్బు తేలిన తేదీ లేదా ఇన్సులిన్ మొదటి ఇంజెక్షన్ వేసిన తేదీ, నివాసం. ఇంజెక్షన్ తేదీకే నా ఓటు, ఎందుకంటే 'లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి' అని అడిగితే అమ్మ ఒకటి, నాన్న ఒకటి, నానమ్మ ఇంకొకటి చెబుతారు. మంచి రిజిస్ట్రీలయితే యాంటీబాడీ పరీక్షలు, హెచ్ఎల్ఏ రకం, ఆస్పత్రికి వచ్చేసరికి కీటోయాసిడోసిస్‌లో (ఇన్సులిన్ అందక రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికొచ్చే స్థితి) ఉన్నారా లేదా అన్నవి కూడా రాస్తాయి.

మా అనుమతి లేకుండా మా పిల్లల వివరాలు వాడేస్తారా?

నోర్డిక్ దేశాల్లో, అంటే స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, నార్వే లాంటి చోట్ల, చాలా రిజిస్టర్లు చట్టం ఆధారంగా నడుస్తాయి, ఒక్కొక్కరి సంతకం అడగరు. స్వీడన్‌లో చికిత్స నాణ్యత రిజిస్టర్ల నుంచి వద్దనుకుంటే తప్పుకోవచ్చు. పరిశోధకుడికి పేర్లు, నంబర్లు ఇవ్వరు, వాటి బదులు అర్థంలేని కోడ్ ఉంటుంది. డెన్మార్క్‌లో డేటా గణాంక సంస్థ సర్వర్ దాటి బయటికి రాదు, మనమే దూరం నుంచి లాగిన్ అయి లోపల పని చేసుకుని, పట్టికలు మాత్రం తెచ్చుకోవాలి. ఫిన్లాండ్‌లో ఇలాంటి అనుమతుల కోసమే ఫిన్‌డేటా అనే సంస్థ ఉంది. రక్తం తీసే, ఇంటికొచ్చి ప్రశ్నలడిగే అధ్యయనాలకు మాత్రం తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తప్పనిసరి.

## కారణాల వేటలో

లెక్కలు చూసి 'ఇది పర్యావరణం వల్లే' అని ఎలా తేలుస్తారు?

వేగం చూసి. ఫిన్లాండ్‌లో 15 ఏళ్ల లోపు పిల్లల్లో 1980లో ఏడాదికి లక్షకు 31 మందికి కొత్తగా వస్తే, 2005 నాటికి అది 64 అయింది. పాతికేళ్లలో, అంటే ఒక్క తరంలో, ఒక దేశ ప్రజల జన్యువులు అంతగా మారవు. ఆ తర్వాత పెరుగుదల ఆగింది, దాన్ని కూడా జన్యువులతో వివరించలేం. యూరప్‌లో చాలా కేంద్రాలు కలిసి 1989 నుంచి 2013 దాకా లెక్కిస్తే ఏడాదికి సగటున 3.4 శాతం పెరుగుదల కనిపించింది. ఈ లెక్కన 20 ఏళ్లు దాటేసరికి రెట్టింపు.

రిజిస్ట్రీ ఇంతవరకే చెబుతుంది. ఏదో మారింది అంటుంది. ఏం మారిందన్నది చెప్పదు, ఎందుకంటే ఆ పాతికేళ్లలో ఫ్రిజ్జులు, కార్లు, యాంటీబయాటిక్‌లు, చిన్న కుటుంబాలు, అన్నీ కలిసే మారాయి.

కరేలియా, కరేలియా అంటారు. అదేంటి?

ఫిన్లాండ్, రష్యాల సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న ప్రాంతం. 1990ల లెక్కల్లో రష్యా కరేలియాలో లక్షకు 7.4, ఫిన్లాండ్‌లో 41.4. గీత దాటితే దాదాపు ఆరు రెట్లు! ముప్పు పెంచే హెచ్ఎల్ఏ రకాలు రెండు వైపులా ఇంచుమించు ఒకే మోతాదులో ఉన్నాయి. తేడా ఉన్నది బతుకు తీరులో. రష్యా వైపు పిల్లల రక్తం చూస్తే హెపటైటిస్ ఎ వైరస్, కడుపులో చేరే హెలికోబాక్టర్ బాక్టీరియా లాంటివి తగిలిన గుర్తులు చాలా ఎక్కువ. చిన్నప్పుడు మట్టీ మశానం తగిలితే రోగనిరోధక వ్యవస్థ సరైన పాఠాలు నేర్చుకుంటుందనే వాదానికి ఇది పెద్ద ఆధారం అయింది. వాదం అనే అంటున్నాను. పిల్లల్ని మురికి నీళ్లు తాగించమని ఎవరూ చెప్పడం లేదు, అక్కడ ఆ క్రిములే పిల్లల ప్రాణాలు తీస్తాయి కూడా.

మేం విదేశంలో స్థిరపడ్డాం. ఇక్కడ పుట్టిన మా పిల్లలకి ముప్పు ఎక్కువా?

మనలాంటివాళ్ల గురించి పాత లెక్క ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో (అక్కడ ఎక్కువగా పాకిస్తాన్ మూలాలవాళ్లు, తెలుగువాళ్లు కాదు) 1970ల చివర లక్షకు 3 ఉన్న రేటు, పదేళ్లు తిరిగేసరికి 11కి పైగా చేరి అక్కడి మిగతా పిల్లల స్థాయిని అందుకోబోయింది. దేశం మారితే ముప్పు మారుతుంది అనడానికి దీన్ని చూపిస్తారు.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. సార్డీనియా నుంచి ఇటలీ ప్రధాన భూభాగానికి వలస వెళ్లిన కుటుంబాల పిల్లల్లో ముప్పు అక్కడివాళ్ల స్థాయికి తగ్గలేదు, తమ ద్వీపపు ఎత్తునే పట్టుకుని ఉంది. అంటే జన్యువుల బరువు ఎక్కువున్నచోట ఊరు మారినా పెద్దగా ఊరట లేదు, తక్కువున్నచోట ఊరు మార్పు పైకి తోయగలదు. మీ ప్రశ్నకి సూటి జవాబు కావాలంటే, కొంచెం పెరగవచ్చు, కానీ ఒక్కో బిడ్డ విషయంలో ఆ ముప్పు చాలా చిన్నది. వీసా నిర్ణయాలు దీన్నిబట్టి తీసుకోకండి.

ఆవు పాలు తొందరగా పట్టడం వల్ల వస్తుందంట కదా?

ఈ ఆలోచన దేశాల పట్టికలోంచి పుట్టింది. 1990ల మొదట్లో పన్నెండు దేశాలు తీసుకుని, తలసరి పాల వాడకం ఒకవైపు, పిల్లల డయాబెటిస్ రేటు ఇంకోవైపు పెట్టి గీస్తే చుక్కలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీతమీద కూర్చున్నాయి. ఎవరికైనా నమ్మబుద్ధి వేస్తుంది. కానీ పాలు ఎక్కువ తాగే దేశాలంటే ఉత్తరాన ఉన్న, చల్లని, డబ్బున్న దేశాలు. వాటిలో పాలతో పాటు కార్లు లెక్కపెట్టినా గీత బాగానే వచ్చుండేది.

దీన్ని తేల్చడానికి 15 దేశాల్లో ట్రయల్ పెట్టారు. ఇంట్లో ఒకరికి ఇప్పటికే టైప్ 1 ఉన్న 2159 మంది పసివాళ్లు. తల్లిపాలు చాలకపోతే సగంమందికి మామూలు ఆవుపాల ఫార్ములా, సగంమందికి అందులోని ప్రోటీన్‌ను ముక్కలు చేసిన ఫార్ములా. 2018లో ఫలితం వచ్చింది. ముక్కలు చేసినదాంట్లో 8.4 శాతం మందికి, మామూలుదాంట్లో 7.6 శాతం మందికి డయాబెటిస్ వచ్చింది, తేడా లేనట్టే లెక్క. తల్లిపాలు ఇవ్వడానికి వంద మంచి కారణాలున్నాయి, అన్నప్రాశన ఎప్పుడు చెయ్యాలో మీ పిల్లల డాక్టరు చెబుతారు, కానీ 'డబ్బా పాలు పట్టాను కాబట్టే వచ్చింది' అని కుమిలిపోతున్న తల్లికి ఈ రెండు అంకెలు చదివి వినిపించండి.

టీకాల వల్ల వచ్చిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

కాదు. రిజిస్ట్రీలు నిక్కచ్చిగా జవాబు చెప్పిన ప్రశ్నల్లో ఇదొకటి. డెన్మార్క్‌లో 1990 నుంచి 2000 చివరిదాకా పుట్టిన 7,39,694 మంది పిల్లల టీకా వివరాలను డయాబెటిస్ నమోదుతో కలిపారు. 681 మందికి టైప్ 1 వచ్చింది. టీకా వేయించుకున్నవాళ్లకీ వేయించుకోనివాళ్లకీ తేడా లేదు, అన్నకో అక్కకో టైప్ 1 ఉన్న పిల్లలను విడిగా తీసి చూసినా లేదు. 'టీకా వేసిన మూడు నెలలకే మా వాడికి వచ్చింది' అంటారు, నిజమే అయి ఉంటుంది. చిన్న వయసులో ప్రతి కొన్ని నెలలకీ ఏదో ఒక టీకా ఉంటుంది కాబట్టి, ఆ వయసులో ఏ జబ్బు వచ్చినా ఏదో ఒక టీకా తర్వాతే వస్తుంది.

మరి వైరస్‌లు?

ఇప్పటికి బలమైన అనుమానితులు వీళ్లే, ముఖ్యంగా కాక్సాకీ బి లాంటి ఎంటెరోవైరస్‌లు (పేగుల్లో పెరిగే రకం వైరస్‌లు). కొత్త కేసులు చలికాలంలో ఎక్కువ తేలడం రిజిస్ట్రీల్లో చాలా ఏళ్లుగా కనిపిస్తున్నదే. ఫిన్లాండ్, స్వీడన్, జర్మనీ, అమెరికాల్లో జన్యుపరంగా ముప్పున్న 8 వేలమందికి పైగా పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచీ వెంటాడుతున్న టెడ్డీ అనే అధ్యయనం, తల్లిదండ్రులు నెలనెలా పోస్టులో పంపిన పసివాళ్ల మలం నమూనాల్లో వైరస్‌లు వెతికింది. ఎంటెరోవైరస్ బి ఒకసారి వచ్చి పోయినవాళ్లలో కన్నా, అదే వైరస్ చాలా కాలం ఒంట్లో తిష్ట వేసినవాళ్లలో బీటా కణాల మీద దాడికి గుర్తయిన యాంటీబాడీలు ఎక్కువ కనిపించాయి. ఇలాంటి సూక్ష్మమైన సంగతి ఏ ఆస్పత్రి జాబితాలోనూ దొరకదు.

పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్ కథ మనకి దగ్గరిది. ఆస్ట్రేలియాలో 2007లో అందరికీ రోటా టీకా మొదలయ్యాక, ఐదేళ్ల లోపు పిల్లల్లో టైప్ 1 రేటు 14 శాతం తగ్గింది. ఫిన్లాండ్‌లో పాత టీకా ట్రయల్ పిల్లల్ని రిజిస్టర్‌లో వెతికితే ఆ లాభం కనపడలేదు. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ టీకాను 2016లో ప్రభుత్వ కార్యక్రమంలో మొదట పెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతకు ముందు నుంచీ రాష్ట్రంలో ఒక మంచి రిజిస్ట్రీ ఉండుంటే ఈ తగవు మనమే తీర్చేవాళ్లం. ఆ అవకాశం పోయిందని నాకు ఇప్పటికీ కడుపుమంట.

విటమిన్ డి డ్రాప్స్ ఇస్తే రాకుండా ఉంటుందా?

చెప్పలేం, మోతాదు మించి ఇస్తే మాత్రం హాని. ఉత్తర ఫిన్లాండ్‌లో 1966లో పుట్టిన పదివేలమంది పైగా పిల్లల్ని ముప్పై ఏళ్ల తర్వాత చూస్తే, మొదటి ఏడాది విటమిన్ డి సరిగ్గా అందినవాళ్లలో టైప్ 1 చాలా తక్కువ. ఆ దేశంలో పసివాళ్లకి సిఫార్సు చేసిన మోతాదు 1964లో 2000 యూనిట్లు, 1975లో 1000, 1992లో 400. మోతాదు దిగుతుంటే జబ్బు ఎక్కింది. 2003లో పాలల్లో విటమిన్ డి కలపడం మొదలుపెట్టారు, కొన్నేళ్లకే పెరుగుదల ఆగింది. కథ అల్లినట్టు ఉంది కదా? అందుకే నాకు భయం. డెన్మార్క్‌లో పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి తీసి దాచిన రక్తపు చుక్కల్లో విటమిన్ డి కొలిచి చూస్తే, తర్వాత టైప్ 1 వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా లేదు.

సిజేరియన్ అయితే ముప్పు ఎక్కువా?

చాలా అధ్యయనాలు కలిపితే సుమారు 20 శాతం ఎక్కువ అని వచ్చింది. మన దగ్గర ఎన్ని సిజేరియన్లో తెలిసిందే కాబట్టి ఈ ప్రశ్నకి టెన్షన్ సహజం. స్వీడన్ రిజిస్టర్లలో ఒక తెలివైన పని చేశారు. ఒకే తల్లికి ఒక బిడ్డ సిజేరియన్, ఇంకో బిడ్డ మామూలు కాన్పు అయిన కుటుంబాలు తీసి తోబుట్టువుల్నే పోల్చారు. అప్పుడా తేడా మాయమైంది. అంటే తేడా ఆపరేషన్‌ది కాదు, ఆపరేషన్ దాకా వెళ్లే తల్లుల ఆరోగ్యం, కుటుంబ పరిస్థితులది అయి ఉండొచ్చు. తోబుట్టువుల పోలిక పెద్ద రిజిస్టర్లలోనే సాధ్యం.

కోవిడ్ తర్వాత పిల్లల్లో షుగర్ పెరిగిందంటున్నారు?

పెరిగింది, ఎందుకన్నదే గొడవ. ఫిన్లాండ్‌లో మహమ్మారి మొదటి ఏడాదిన్నరలో లక్షకు 61, అంతకు ముందు ఏళ్లలో 52. కానీ ఆ కొత్త పిల్లల రక్తం పరీక్షిస్తే కోవిడ్ సోకిన గుర్తున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. అంటే కనీసం ఆ దేశంలో, ఆ కాలంలో, వైరస్ నేరుగా చేసిన పని కాదు. లాక్‌డౌన్‌లో పిల్లలకి మామూలు జలుబులు, క్రిములు తగలకపోవడమే కారణమా అని కొందరి అనుమానం. రిజిస్టర్‌తో పాటు రక్తనమూనాలు దాచిపెట్టుకున్నందుకే ఈ మాత్రం తెలిసింది.

రిజిస్ట్రీలో సంబంధం కనిపిస్తే అదే కారణం అనుకోవచ్చా?

తొందరపడొద్దు. డెన్మార్క్‌లో గర్భంతో ఉన్నప్పుడు గ్లూటెన్, అంటే గోధుమల్లాంటి వాటిలోని ప్రోటీన్, ఎక్కువ తిన్న తల్లుల పిల్లల్లో టైప్ 1 ముప్పు రెట్టింపు అని 2018లో వచ్చింది. పేపర్లన్నీ రాశాయి. తర్వాత నార్వేలో అంతే పెద్ద అధ్యయనంలో తల్లి తిండితో సంబంధం కనపడలేదు, బిడ్డ ఏడాదిన్నర వయసులో తిన్న గ్లూటెన్‌తో కొంత కనిపించింది. రెండూ మంచి జట్లే, రెండూ పెద్ద దేశవ్యాప్త అధ్యయనాలే. నా పద్ధతి ఏంటంటే, ఒక దేశంలో కనిపించింది ఇంకో దేశంలో, ఇంకో పద్ధతిలో కూడా కనిపించేదాకా వంటింట్లో ఏమీ మార్చను.

## అంకెలు చదివేటప్పుడు

నిజంగా పెరుగుతోందా, లేక ఇప్పుడు పరీక్షలు ఎక్కువయ్యాయా?

టైప్ 2 విషయంలో ఈ అనుమానం సరైనదే. టైప్ 1 అలా దాక్కోలేదు. ఇన్సులిన్ లేకపోతే బిడ్డ వారాల్లో ప్రమాదంలో పడుతుంది, కాబట్టి ఫిన్లాండ్ లాంటి చోట 1980లోనూ దాదాపు అందరూ లెక్కలోకి వచ్చారు. అక్కడి పెరుగుదల నిజం. ఒక మెలిక ఉంది. చాలా రిజిస్టర్లు 15 ఏళ్ల దగ్గర ఆగిపోతాయి. స్వీడన్‌లో 15 దాటినవాళ్లని కూడా లెక్కపెడితే, కొంత కాలం చిన్నవాళ్లలో పెరిగింది, పెద్దవాళ్లలో తగ్గింది. అంటే ఇరవయ్యేళ్లకి రావలసింది పదేళ్లకే వస్తోందేమో. అది కూడా చెడ్డ వార్తే, కానీ వేరే వార్త.

మన దగ్గర ఇదే ప్రశ్నకి జవాబు తలకిందులు. కీటోయాసిడోసిస్‌తో వాంతులు, ఆయాసంగా వచ్చిన బిడ్డని వేరే జబ్బనుకుని, షుగర్ చూడకుండానే పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. గ్లూకోమీటర్ ప్రతి పీహెచ్‌సీకి చేరిన కొద్దీ జబ్బు పెరిగినట్టు కనిపిస్తుంది.

మా మండలంలో ఈ ఏడాది ముగ్గురు పిల్లలకి వచ్చింది. నీళ్లలో ఏదైనా ఉందా?

భయం అర్థమవుతుంది, కానీ లెక్క వేద్దాం. మండలంలో పిల్లలు 20 వేలు, రేటు లక్షకు 5 అనుకుంటే ఏడాదికి సగటున ఒక్కరు. సగటు ఒక్కరైనప్పుడు ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది రావడం కేవలం యాదృచ్ఛికంగా నూటికి ఎనిమిదిసార్లు జరుగుతుంది. అలాంటి మండలాలు వంద ఉంటే ప్రతి ఏడాదీ ఓ ఎనిమిదింట్లో ఇలా గుంపుగా కనిపిస్తుంది, ప్రతిచోటా జనం బోరు నీళ్లనే అనుమానిస్తారు. తాగునీటిలో నైట్రేట్ గురించి ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో కొంత సంబంధం కనిపించింది, నెదర్లాండ్స్‌లో స్పష్టంగా తేలలేదు. నీళ్లు పరీక్ష చేయించండి, నైట్రేట్, ఫ్లోరైడ్ వేరే కారణాలకైనా తెలుసుకోవలసినవే. డయాబెటిస్‌కి దాన్ని ముడి పెట్టాలంటే మాత్రం జిల్లా మొత్తం, కొన్నేళ్ల లెక్క కావాలి.

లక్షకు 60 అంటే పెద్ద అంకేనా? చిన్నదిగా ఉందే?

అది ఒక్క ఏడాదిలో కొత్తగా వచ్చేవాళ్ల సంఖ్య. 15 ఏళ్లపాటు ప్రతి ఏడాదీ అదే రేటు ఉంటే, పదిహేనో పుట్టినరోజు లోపు సుమారు 110 మందిలో ఒకరికి వచ్చినట్టు. మూడు నాలుగు తరగతి గదుల్లో ఒక బిడ్డ. 1990ల మొదట్లో ప్రపంచమంతా పోల్చినప్పుడు చైనా, వెనెజువెలాల్లో కొన్నిచోట్ల లక్షకు 0.1 మాత్రమే, సార్డీనియాలో 36.8. ఒకే జబ్బుకి 350 రెట్లకు పైగా తేడా.

## మన దగ్గర

ఇండియాలో ఇలాంటి రిజిస్ట్రీ ఉందా?

ఉంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2006లో 25 ఏళ్ల లోపు డయాబెటిస్ వచ్చినవాళ్ల కోసం యంగ్ డయాబెటిస్ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. అంతకు ముందు చెన్నై, కర్ణాటకల్లో స్థానిక లెక్కలు ఉన్నాయి. ఢిల్లీ, చెన్నై ప్రాంతాల అంకెల్ని అమెరికా రిజిస్ట్రీతో పోల్చితే మన దగ్గర టైప్ 1 ఏడాదికి లక్షకు సుమారు 5, అమెరికాలో 21. ఇందులో ఎంత నిజమైన తేడా, ఎంత మన వలలో పడని పిల్లల వల్ల అన్నదే అసలు సమస్య. రేటు తక్కువే అయినా మన జనాభాతో గుణిస్తే పిల్లల సంఖ్య ఫిన్లాండ్‌ను ఎప్పుడో దాటేస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో మంచి రిజిస్ట్రీ పెట్టాలంటే ఏం కావాలి?

సాఫ్ట్‌వేర్ కాదు, అందరూ అదే ముందు అడుగుతారు. ఫిన్లాండ్ అనుభవం చూస్తే కావలసింది ఉచిత ఇన్సులిన్. బిడ్డ పేరు నమోదైతేనే ఇన్సులిన్, స్ట్రిప్స్ నెలనెలా ఇంటి దగ్గర దొరుకుతాయి అంటే తల్లిదండ్రులే వెతుక్కుంటూ వస్తారు. రెండో జాబితా కోసం ప్రైవేటు పిల్లల డాక్టర్ల నుంచి ఏడాదికోసారి పేర్లు. చనిపోయిన పిల్లల విషయంలో ఆశా కార్యకర్తలను అడగాలి, ఎందుకంటే ఆ బిడ్డ ఏ జాబితాలోనూ ఉండదు. ముందు ఒక్క జిల్లాలో ఐదేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే చాలు. రాష్ట్రమంతా ఒకేసారి మొదలుపెట్టి, రెండో ఏడాదికి ఖాళీ గళ్లతో మిగిలిన రిజిస్టర్లు నేను చూశాను. ఇంకో చిన్న సంగతి, ఆడపిల్ల అయితే పెళ్లి కాదేమోనని పేరు దాచే ఇళ్లు ఉన్నాయి. గోప్యత మీద నమ్మకం లేకపోతే ఆడపిల్లలే లెక్కలోంచి జారిపోతారు, అప్పుడు 'మగపిల్లల్లో ఎక్కువ' అనే తప్పుడు ఫలితం వస్తుంది.

ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేస్తున్నాను. థీసిస్‌కి రిజిస్ట్రీ డేటా దొరుకుతుందా?

నోర్డిక్ డేటా కావాలంటే అక్కడి విశ్వవిద్యాలయంలో ఒకరు గైడ్‌గా ఉండాలి, అనుమతులకి నెలల సమయం, డబ్బు రెండూ పోతాయి, ఒక సెమిస్టర్‌లో అయ్యే పని కాదు. దాని బదులు మీ దగ్గర్లోని రెండు మూడు పిల్లల క్లినిక్‌ల జాబితాలు, ఎథిక్స్ కమిటీ అనుమతితో, కలిపి చూసి ఎంతమంది తప్పిపోతున్నారో అంచనా వేయండి. చిన్న పనే, కానీ మన దగ్గర చేసినవాళ్లు తక్కువ. 'తెలంగాణలో టైప్ 1కి పర్యావరణ కారణాలు' లాంటి టైటిల్ మాత్రం పెట్టకండి, వైవాలో ఏడుస్తారు.

మా పాప వివరాలు ఇస్తే మాకేంటి లాభం?

కారణం రేపే తేలదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. లాభం ఇంకో దారిలో వస్తుంది. స్వీడన్‌లో పిల్లల డయాబెటిస్ క్లినిక్‌లన్నీ తమ పిల్లల మూడు నెలల సగటు షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, రిజిస్టర్‌లో నమోదు చేస్తాయి, ఏ క్లినిక్‌లో సగటు ఎంతో పేరుతో సహా బయటపెడతారు. వెనకబడిన క్లినిక్‌వాళ్లు ముందున్నవాళ్ల దగ్గరికి వెళ్లి మీరేం చేస్తున్నారని అడగడం మొదలుపెట్టారు, దేశం మొత్తం సగటు ఏళ్ల తరబడి మెరుగవుతూ వచ్చింది. మన దగ్గర రిజిస్ట్రీ పెట్టే డాక్టరు ఎవరైనా మిమ్మల్ని అడిగితే, సంతకం పెట్టే ముందు 'మీ క్లినిక్ సగటు మాకు చూపిస్తారా' అని మీరు కూడా అడగండి.